మూతకు నేను పెట్టిన గుడి

బొమ్మల్లో వెలుగు, పాట పెట్టే పని నేను ఇరవై ఆరేళ్లు చేశాను. ఆ పని గురించి అడిగిన ప్రతివాళ్లకూ రంగుల రాట్నం కథ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక మాట మింగేశాను. మా షెడ్డు గోడకు అంటించిన కాగితం మీద నేను ‘మూత’ అని రాశాను. రాయాల్సింది ‘మూతి’. సరుకంతా చెడిపోయాక, ఎవరూ రాకముందు వెళ్లి, ఆ ‘త’ మీద గుడి పెట్టి మాట మార్చింది కూడా నేనే. ఆ ఒక్క గుడితో తప్పు నా మీద నుంచి రాజేశ్వరి మీదికి పోయింది.

నా పని గురించి నాకు గర్వం ఉంది. దాన్ని తగ్గించుకోవడానికి ఇది రాయడం లేదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఒక మంచి బొమ్మ ఎలా తయారైందో చెప్పాలనుకున్నాను. అబద్ధం తీసేయకుండా అది చెప్పలేనని అర్థమైంది.

మా షెడ్డు

డిప్లొమా చదివి, హనుమకొండలో టీవీలు బాగుచేసే దుకాణంలో కొన్నేళ్లు పనిచేసి, వరంగల్‌లో బొమ్మలు చేసే ఈ చిన్న కంపెనీలో చేరాను. యజమాని పేరు విశ్వనాథం. వాళ్లది మార్కెట్లో ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం కాబట్టి అందరం సేటు అనేవాళ్లం. ధాన్యం గోదాము వెనుక రేకుల షెడ్డు, ప్లాస్టిక్ పోసే యంత్రం ఒకటి, పొడవాటి బల్లల దగ్గర కూర్చుని బొమ్మలు బిగించే పన్నెండు మంది ఆడవాళ్లు, నేను. అంతే కంపెనీ.

ఆ పన్నెండు మందికి పెద్ద రాజేశ్వరి. అందరికీ రాజక్క. కొత్తవాడ మనిషి, భర్త జంపఖానాలు నేసేవాడు. ఏడో తరగతి దాకా చదివింది. ఆ బల్లల దగ్గర అది చిన్న చదువు కాదు. నేను రాసిన కాగితం ఆమె పైకి చదివితే మిగతావాళ్లు విని పని మొదలుపెట్టేవాళ్లు. మధ్యాహ్నం అన్నాల వేళ పేపరు చదివి వినిపించేది. ఒకరి పిల్లల బడి నోటీసు, ఇంకొకరి దవాఖాన చీటీ, అన్నీ ఆమె చేతికే వచ్చేవి. చదివేటప్పుడు మెడ కొంచెం నిటారుగా పెట్టేది.

సేటు మొరటు మనిషి. నా బల్ల మీద ఏ కొత్త సామాను కనిపించినా ఒకటే అడిగేవాడు. “ఇది కదిలినప్పుడు ఏం జేస్తదో నువ్వు చెప్తనే ఉంటవ్. ఊకె ఉన్నప్పుడు ఏం జేస్తది? అది చెప్పు.” మొదట్లో ఇంత చదువు రాని ప్రశ్న ఏమిటని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు చెబుతున్నాను, సెన్సర్ల గురించి నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ ప్రశ్నే.

బస్సు వస్తే మోగిన బొమ్మలు

ఆ ప్రశ్న విలువ నాకు నర్సంపేటలో తెలిసింది. నేను చేసిన మొదటి పెద్ద బొమ్మ చేతులాడించే కోతి. కదిపితే కిచకిచమనాలి. లోపల ఒక స్ప్రింగు స్విచ్చి పెట్టాను. సన్నటి తీగచుట్ట మధ్యలో ఒక పుల్ల, ఊగితే రెండూ తగులుతాయి. ఇంతకంటే చవక సెన్సర్ లేదు. బల్ల మీద అద్భుతంగా పనిచేసింది.

పది రోజుల తరువాత నర్సంపేట బస్టాండు పక్క దుకాణదారు కబురు పెట్టాడు. వెళ్లి చూస్తే, బస్సు లోపలికి మళ్లిన ప్రతిసారీ అరలోని కోతులన్నీ ఒక్కసారి కిచకిచమంటున్నాయి.

“సార్, మీ కోతులు ఆర్టీసీల నౌకరి చేస్తున్నయ్,” అన్నాడు ఆయన. “బస్సొచ్చిందని పబ్లిక్‌కు వీటిని చూస్తెనే ఎరుకైతాంది. జీతం ఎవలిస్తరు మరి?”

నేను నవ్వలేకపోయాను. కోతుల్లో బ్యాటరీలన్నీ అమ్ముడుపోకముందే చచ్చిపోయాయి. సెన్సర్ ఏం పట్టుకుంటుందో చూశాను గాని, ఏం పట్టుకోకూడదో అడగలేదు.

రాట్నానికి ఏ సెన్సర్

రంగుల రాట్నం ఆలోచన సేటుదే. జాతరకు వచ్చే పిల్లలు పెద్ద రాట్నం ఎక్కి దిగాక, ఇంటికి పట్టుకుపోవడానికి చిన్న రాట్నం ఉండాలన్నాడు. కింద పీట, పైన గొడుగు, గొడుగుకు ఆరు గుర్రాలు. వేలితో తోస్తే తిరగాలి. తిరిగినంతసేపూ గుర్రాల దగ్గర దీపాలు వెలగాలి, పాట రావాలి. ఆగితే అన్నీ ఆగాలి.

దీపాలు తిరిగే భాగంలో ఉన్నాయి. పీట నుంచి తీగలు వేస్తే పది చుట్లకే మెలిపడి తెగుతాయి. కాబట్టి బ్యాటరీ, పాట, సెన్సర్ అన్నీ గొడుగులోనే ఉండాలి. తను తిరుగుతున్నానని గొడుగు తనంతట తానే తెలుసుకోవాలి. ఇదీ సమస్య.

మొదట నా మనసు జైరో మీదికి పోయింది. తిరుగుడును కొలిచే చిప్పు అది, సెల్‌ఫోన్లలో ఉంటుంది. ఒకటి తెప్పించి బల్ల మీద పెట్టాను. ఎంత వేగంతో తిరుగుతున్నదో అంకెల్లో చెప్పింది. రెండు రోజులు దాంతోనే ఆడుకున్నాను. తరువాత సిగ్గేసింది. అంకె ఎవరిక్కావాలి? రాట్నానికి కావాల్సింది తిరుగుతున్నానా లేదా అన్న ఒక్క ముక్క. ఆ ముక్క కోసం జైరో, దాన్ని చదవడానికి ఇంకో చిప్పు పెడితే, బొమ్మ మొత్తం ధర వాటికే సరిపోతుంది. చదువుకున్నవాళ్లకు వచ్చే జబ్బు ఇది. దొరికినదాంట్లో గొప్పదాన్ని చూస్తాం. బొమ్మ అడిగినదాన్ని చూడం.

తరువాత అయస్కాంతం. పీటలో అయస్కాంతం, గొడుగులో దానికి స్పందించే గాజు గొట్టం స్విచ్చి. గొట్టం అయస్కాంతం మీదుగా పోయినప్పుడల్లా తగులుతుంది. బాగానే ఉంది, కాని గొడుగు సరిగ్గా అయస్కాంతం పైన ఆగితే పాట ఆగదు. పైగా కింద పడేస్తే గాజు పగులుతుంది. పిల్లలు పడేయని బొమ్మ ఉండదు. స్ప్రింగు స్విచ్చి ఊసు ఇక ఎత్తలేదు. కోతులు గుర్తున్నాయి.

చివరికి గోళీ స్విచ్చి దగ్గర ఆగాను. బియ్యపు గింజకు అన్నలా ఉండే చిన్న ఇత్తడి గొట్టం, లోపల ఒక గోళీ. గొట్టానికి ఒక కొస మూసి ఉంటుంది. రెండో కొస నుంచి రెండు తీగ కాళ్లు బయటికి వస్తాయి. గోళీ కాళ్లున్న కొసకు చేరితే తగిలి కరెంటు పారుతుంది, దూరంగా ఉంటే లేదు. మామూలుగా వస్తువు వంగిందని తెలుసుకోవడానికి వాడతారు. దాన్ని గొడుగు అంచు దగ్గర, మధ్య నుంచి బయటికి చూసేలా పడుకోబెట్టాను. బయటి కొస కొంచెం ఎత్తులో ఉంచాను. ఆగి ఉన్నప్పుడు గోళీ లోపలి పల్లానికి జారి పడుకుంటుంది. గొడుగు తిరిగితే విసురుకు ఎత్తెక్కి బయటి కొసను తాకుతుంది. గోళీకి చదువు అక్కరలేదు. తిరిగితే బయటికి పోవాలని దానికి తెలుసు.

ఇక ఎత్తు ఎంత అన్నది తేలాలి. దానికి నేను కొత్తవాడలో యాదగిరి సైకిల్ దుకాణానికి పోయాను. ఒక చక్రాన్ని అడ్డంగా బిగించి, గొడుగు అంచంత దూరంలో స్పోకుకు స్విచ్చి, బ్యాటరీ, చిన్న దీపం కట్టి, కొస కింద అగ్గిపుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి తిప్పుతూ పోయాను. అయిదు పుల్లల ఎత్తుకు దీపం చక్కగా వెలిగింది.

యాదగిరి పంక్చరు వేస్తూ చూశాడు. “నువ్వు తిప్పుతె ఎలుగదా సార్? నీ చేతుల సత్తువుంది. ఆగు, మా బిడ్డను పిలుస్త.”

ఆయన మూడేళ్ల కూతురు వచ్చి చక్రాన్ని ఒక వేలితో మెల్లగా తోసింది. దీపం వెలగలేదు. నాలుగు పుల్లలకు దించాను, వెలగలేదు. మూడు పుల్లలకు వెలిగింది. రెండు పుల్లలకు ఇంకా బాగా వెలిగింది, కాని చక్రం కొంచెం వాలితే చాలు, తిరగకుండానే వెలిగింది. కుక్కి మంచం మీద పెడితే రాట్నం ఊరికే పాడుతూ ఉంటుందన్నమాట. మూడు పుల్లలు. అదీ కొలత.

ఆ మధ్యాహ్నం గురించి నాకు ఇప్పటికీ గర్వమే. ఏ పుస్తకంలోనూ లేని ఒక కొలతను సైకిల్ చక్రం మీద పట్టుకున్నాం. సేటు నమూనాను అటూ ఇటూ వంచి, బల్ల మీద ఆపి, “ఊకె ఉన్నప్పుడు ఏం జేస్తది?” అని అడిగాడు. “నిద్రపోతది సేటు,” అన్నాను. ఆయన నవ్వడం ఆ రోజే చూశాను.

కాగితం

స్విచ్చికి కాళ్లున్న కొసను షెడ్డులో అందరం మూతి అనేవాళ్లం. మూసి ఉన్న కొస మూత. గొడుగులో మూడు పుల్లల వాలుతో గాడి పోయించాను. ఆ గాడిలో స్విచ్చి ఎటు తిప్పి పెట్టినా కూర్చుంటుంది. అందుకే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, రాజక్క బల్ల పైన గోడకు అంటించాను. ‘మూతి బయటికి’ అని రాశాననుకున్నాను. రాసింది ‘మూత బయటికి’.

మూత బయటికి పెడితే ఏమవుతుందో చూడండి. గోళీ పల్లానికి జారి, అక్కడే ఉన్న కాళ్లను తాకి కూర్చుంటుంది. ఆగి ఉంటే పాడుతుంది. తిప్పితే మూగబోతుంది.

పని మొదలైన రోజు రాజక్క నా దగ్గరికి వచ్చింది. నేను నమూనా సంచిలో పెట్టుకుని దుకాణాలకు బయల్దేరుతున్నాను.

“సార్, మూత బయటికి అని రాసిన్రు. గట్లనే పెట్టాల్నా?”

ఆ ప్రశ్నలో అనుమానం ఉంది. నేను తల ఎత్తలేదు. నా మనసంతా దుకాణాల వాళ్లు నమూనా చూసి ఏమంటారన్నదాని మీదే ఉంది.

“రాసినట్టే పెట్టు రాజక్కా,” అన్నాను.

మూడు రోజులు నేను దుకాణాల చుట్టూ తిరిగాను. బల్లల దగ్గర ఉండి పెట్టెకొకటి తీసి పరీక్షించాల్సింది నేనే. చేయలేదు. బ్యాటరీలకు అడ్డంగా కాగితపు పట్టీ పెట్టి బిగిస్తాం, అది కొన్నవాళ్లు లాగాలి. కాబట్టి బిగించేవాళ్లకు తప్పు తెలిసే దారి లేదు. మొదటి విడత సరుకంతా దుకాణాలకు వెళ్లిపోయింది.

నర్సంపేట దుకాణదారే ముందు ఫోన్ చేశాడు.

“సార్, ఇది రాట్నమా, అలిగిన కొత్తకోడలా? ఊకుంటె పాడుతాంది. ముట్టుకుంటె నోరు మూస్తాంది.”

సాయంత్రానికి ప్రతి దుకాణం నుంచీ అదే మాట. ఒక గొడుగు విప్పి చూడగానే తెలిసింది. గోడ దగ్గరికి వెళ్లి నా రాత చూశాక మిగతాదీ తెలిసింది. సేటు ఊళ్లో లేడు. రేపు పది గంటలకు వచ్చి తప్పెవరిదో తేలుస్తానని ఫోన్‌లో అన్నాడు. సరుకు జాతరకు అందకపోతే షెడ్డు మూసేయాల్సిందేనని కూడా అన్నాడు.

మరునాడు ఎనిమిదింటికే షెడ్డుకు వెళ్లాను. ఎవరూ లేరు. నీలం సిరా, నా జేబులో అదే పెన్ను. గుడి పెట్టడానికి క్షణం పట్టదు. అంత చిన్న పని నేను జీవితంలో ఇంకోటి చేయలేదు.

పదింటికి సేటు వచ్చి కాగితం ముందు నిలబడ్డాడు. అందరం వెనుక నిలబడ్డాం.

“మూతి బయటికి అని సాఫ్ రాసుంది గదా రాజేశ్వరీ?”

“నిన్నటిదాక మూతనే ఉండె సేటు,” అంది రాజక్క. “సార్‌ను అడిగిన గూడ.”

సేటు నా వైపు తిరిగాడు. “అడిగిందా?”

“అడిగింది,” అన్నాను. “రాసినట్టే పెట్టుమన్న.”

ఆ మాట నిజమే. అందుకే అబద్ధం కంటే నీచమైనది.

“కాగితం మీద అక్షరం రాత్రికి రాత్రి మొలుస్తదా?” అన్నాడు సేటు. ఎవరో కిసుక్కున నవ్వారు. రాజక్క ముందుకు వచ్చి ఆ అక్షరం మీద వేలు పెట్టి చూసింది. తరువాత నన్ను చూసింది. నేను అన్నాను, “చూసి చదవాలె గద రాజక్కా.”

ఆమె మళ్లీ కాగితం వైపు తిరిగింది. “నా కండ్లే తప్పు చూసినయేమో,” అంది చివరికి.

తరువాత

సరుకు వెనక్కి తెప్పించి, వారం రోజులు అందరం కూర్చుని స్విచ్చీలు తిప్పి పెట్టాం. రాట్నాలు జాతరకు అందాయి. షెడ్డు నిలబడింది. ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ బొమ్మ అమ్ముడుపోయింది. మా పన్నెండు మంది ఇళ్లు దాని మీద నడిచాయి. జాతర దారిలో దుమ్ములో కూర్చుని ఒక పిల్ల వేలితో గొడుగు తోస్తే దీపాలు వెలగడం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం నిజమైనదే, అది దాచను. అచ్చు మార్పించి గాడిలో ఒక చిన్న బొడిపె కూడా పెట్టించాను. అప్పటి నుంచి స్విచ్చి ఒకే వైపు కూర్చుంటుంది. పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. గాడి చెప్పగలిగిన మాటను కాగితానికి వదలకండి. ఎవరైనా పని ఆపి ‘గట్లనే పెట్టాల్నా’ అని అడిగితే, వాళ్లకు అర్థం కాలేదనుకోకండి. మీకంటే ముందు వాళ్లకు అర్థమైందనుకోండి. లేచి వెళ్లి చూడండి.

రాజక్కను సేటు బల్ల నుంచి తీసి ప్యాకింగ్‌లో వేశాడు. జీతం తగ్గించలేదు. అందుకే పెద్ద అన్యాయం జరగలేదని నాకు నేను చెప్పుకున్నాను. కాని అన్నాల వేళ పేపరు ఆగిపోయింది. ఎవరైనా చీటీ చేతికిస్తే, “నాకు సక్కగ కనవడదు, జర ఇంకెవలితోనన్న సదివించుకో,” అనేది. చిన్నగా మొదలైంది. కొన్నేళ్లకు అది ఆమె స్వభావంలా మారిపోయింది. కొత్తగా చేరినవాళ్లు రాజక్కకు అక్షరాలు రావనుకునేవాళ్లు. ఒకసారి జీతాల పుస్తకంలో ఆమె తన పేరున్న వరుస చూపించమని పక్క అమ్మాయిని అడగడం నేను విన్నాను. విని నా బల్ల దగ్గరికి వెళ్లి పని చేసుకున్నాను.

యాభై ఆరో ఏట నాకు చూపు తగ్గింది. సన్న టంకం పెట్టలేక పని మానుకున్నాను. వెళ్లే రోజు షెడ్డులో శాలువా కప్పారు. సేటు ముసలివాడయ్యాడు, కర్ర పట్టుకుని వచ్చి రాట్నం కథే చెప్పాడు. “గోళీని పట్టుకొచ్చింది ఈయన. ముంచబోయింది మా రాజేశ్వరి. గుడి కనవడలే ఆమెకు,” అన్నాడు. సరదాగానే అన్నాడు. అందరూ నవ్వారు. రాజక్క కూడా నవ్వింది. నవ్వి, నిజమేనన్నట్టు తల ఊపింది.

ఆ తల ఊపడం చూశాక శాలువా బరువైంది.

కొత్తవాడలో

పదిహేను రోజులు ఆగి ఆమె ఇంటికి వెళ్లాను. మంచం వాల్చి నీళ్లిచ్చింది. ఆమె భర్త మగ్గం దగ్గర ఉన్నాడు. నేను కూర్చోకుండానే చెప్పాను. కాగితం మీద మూత అనే ఉందని, పొద్దున వచ్చి గుడి పెట్టానని.

ఆమె చెంబు తీసి కింద పెట్టింది.

“నేను సదివింది మూతనే గదా?”

“మూతనే.”

“నా కండ్లు మంచిగనే ఉన్నయా అయితే?”

“మంచిగనే ఉన్నయి.”

మగ్గం చప్పుడు ఆగింది. ఆమె భర్త తల తిప్పి నన్ను చూశాడు. అదే చూపుతో పొమ్మన్నాడు. రాజక్క మాత్రం కొంగుతో చేతులు తుడుచుకుంది.

“మా ఆయన దవాఖానకు తీస్కపోయి అద్దాలు పెట్టిచ్చిండు సార్, అప్పట్ల. డాక్టరు ఏం లేదన్నడు. ఏం లేకుంటె అక్షరం ఎట్ల తప్పిందని నా మతి మీద నాకే అనుమానమొచ్చె. మనుమరాలు పుస్తకం తెచ్చి సదువు నానమ్మా అంటె, నాకు రాదు పో అన్న.”

“తప్పయింది రాజక్కా.”

“నాకొక్కదానికి చెప్తె ఏమొస్తది సార్?” ఆమె గొంతు పెంచలేదు. “మాట వడ్డది ఇంట్ల గాదు. అందరి ముంగట వడ్డ. ఆడనే చెప్పు.”

సేటు ముందు నిలబడాలంటే నాకు భయం వేసింది, అది కూడా రాస్తున్నాను. ఇరవై ఆరేళ్లు సంపాదించుకున్న మాట పోతుందని భయం. పోయే మాటే అయితే పోనీ అనుకోవడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

అయిదో రోజు మధ్యాహ్నం, అన్నాల వేళకు షెడ్డుకు వెళ్లాను. పాతవాళ్లలో రాజక్క కాక ఏడుగురు ఇంకా పనిలో ఉన్నారు. పని మానేసిన ముగ్గురిని రాజక్కే వెంటబెట్టుకొచ్చింది. మిగిలిన ఒకావిడ పోయి రెండేళ్లయింది. సేటును కుర్చీలో కూర్చోబెట్టాను. కొత్త అమ్మాయిలు సద్దులు విప్పబోయి ఆగి చూస్తున్నారు. జరిగింది మొదటి నుంచి చెప్పాను. కాగితం సంగతి, ఆమె అడిగిన ప్రశ్న, నేను తల ఎత్తకుండా ఇచ్చిన జవాబు, పొద్దున ఎనిమిది గంటలు, పెన్ను.

సేటు కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు. “ఇన్నేండ్లు నాతోని గూడ ఆమెను అనిపిస్తివి గదనయ్యా,” అన్నాడు.

నేను రాజక్క వైపు తిరిగాను. ఆమె తన పాత బల్ల పక్కన నిలబడి ఉంది. ఇంట్లో మడిచి పెట్టుకున్న మాటలేవీ నోటికి రాలేదు. వచ్చినవి ఇవే:

“రాజక్కా, నీకు సదువొచ్చు. రాదని నీ నోటితోనే అనిపిచ్చింది నేను. నన్ను మన్నించు.”